దుకాణానికి చేరని పాటలు

సభకు నమస్కారం.

1972లో అమెరికాలోని మెంఫిస్ నగరం నుంచి వెలువడి, ఆ రోజుల్లో పదివేల ప్రతులైనా అమ్ముడుపోని ఒక ఆల్బమ్ గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. దాని పేరు ‘నంబర్ వన్ రికార్డ్’, చేసినవారు బిగ్ స్టార్ బృందం. తాము పాటలు రికార్డు చేసే ఆర్డెంట్ స్టూడియోకు దగ్గరలోని సూపర్ మార్కెట్ పేరునే ఆ నలుగురు యువకులు తమ బృందానికి పెట్టుకున్నారు.

వారిలో ఆలెక్స్ చిల్టన్ అప్పటికే పేరున్న గాయకుడు. 1967లో, పదహారేళ్ల వయసులో, బాక్స్ టాప్స్ బృందంతో అతను పాడిన ‘ది లెటర్’ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అయితే ఈ ఆల్బమ్‌కు ప్రాణం పోసినవాడు బృందంలోని మరో గాయకుడు, గిటారిస్టు క్రిస్ బెల్ అని నేను నమ్ముతాను. బీటిల్స్ పాటల్లోని మాధుర్యాన్ని, కలిసి పాడే గొంతుల పొందికను తీసుకుని, వాటికి గట్టిగా మోగే ఎలక్ట్రిక్ గిటార్లను జతచేసి, మూడు నాలుగు నిమిషాల్లో పాట ముగించే పద్ధతినే పవర్ పాప్ అంటున్నాం. రాక్ సంగీతంలో సుదీర్ఘమైన గిటార్ వాదనలకు ఆదరణ ఎక్కువగా ఉన్న కాలంలో వీరు ఈ దారిని ఎంచుకున్నారు.

‘థర్టీన్’ అనే పాటనే తీసుకోండి. అందులో డ్రమ్స్ లేవు. తీగలను వేళ్లతో మీటుతున్న గిటార్ల మీద చిల్టన్ గొంతు మెల్లగా, కాస్త బెరుకుగా సాగుతుంది. వెనక మరో గొంతు వచ్చి కలిసినప్పుడు కూడా అది పెద్దది కాదు. పదమూడేళ్ల పిల్లవాడి ప్రేమను పెద్దవాడి తెలివితో చెప్పకుండా, ఆ వయసు మాటలతోనే చెప్పిన పాట అది. నేను ఎన్నిసార్లు విన్నా, ఆ బెరుకు దగ్గరే ఆగిపోతాను.

మరి ఇంత మంచి పాటలు అడవి గాచిన వెన్నెల ఎందుకయ్యాయి? విమర్శకులు మెచ్చుకోకపోవడం వల్ల కాదు, వారు మెచ్చుకున్నారు. ఆర్డెంట్ రికార్డులను పంపిణీ చేయవలసిన స్టాక్స్ సంస్థ నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతానికి పేరుపొందినది. ఈ రికార్డును దుకాణాలకు సరిగా చేర్చలేకపోయింది. రేడియోలో పాట విని ఇష్టపడి వెళ్లినవారికి అది దొరకలేదు. తరువాత స్టాక్స్ తన పంపిణీని కొలంబియా రికార్డ్స్ సంస్థకు అప్పగించగా, పాత పంపిణీదారుల ద్వారా దుకాణాలకు చేరిన ఆ కొద్ది ప్రతులు కూడా అల్మరాల నుంచి తొలగిపోయాయి. నిరాశతో క్రిస్ బెల్ బృందాన్ని విడిచిపెట్టాడు. 1978 డిసెంబరులో కారు ప్రమాదంలో మరణించే నాటికి అతనికి ఇరవై ఏడేళ్లు.

అదే సంవత్సరం బ్రిటన్‌లో ఈ ఆల్బమ్‌ను, దాని తరువాతి ‘రేడియో సిటీ’ని కలిపి మళ్లీ విడుదల చేశారు. ఆర్.ఈ.ఎం. వంటి బృందాలు తమకు దారి చూపినవారిగా బిగ్ స్టార్‌ను చెప్పుకున్నాయి. 1987లో రీప్లేస్‌మెంట్స్ బృందం చిల్టన్ పేరుతోనే ఒక పాట చేసింది.

ఈ కథలోని దురదృష్టమే ఎక్కువమందికి గుర్తుంటోంది. బెల్ మరణాన్ని ఆ పాటల్లోకి వెనక్కి చదివితే, వాటిలోని ఉత్సాహం మనకు వినిపించదని నా బాధ. మొదటి పాట ‘ఫీల్’ ఇప్పుడు వినిపిస్తాను. దాన్ని పాడుతున్న రోజున బెల్‌కు ఆ రికార్డు దుకాణాలకు చేరదని తెలియదు. దయచేసి ఆ గొంతును ఆ రోజు గొంతుగానే వినండి.