తలుపులోపలి చప్పుడు

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట మీతో ఒక చప్పుడు గురించి మాట్లాడదామని వచ్చాను. కారు తలుపులోంచి వచ్చే చప్పుడు. అద్దం ఎక్కిద్దామని స్విచ్ నొక్కుతాం. అద్దం కదలదు. లోపల మాత్రం ‘జుయ్’మని ఏదో తిరుగుతూ ఉంటుంది. ఒక్కోసారి ‘కటకట’మని పళ్లు కొరికినట్టు వినిపిస్తుంది. ఒక్కోసారి అసలు ఏ చప్పుడూ ఉండదు. అప్పుడు మనమేం చేస్తాం? మళ్ళీ నొక్కుతాం. ఇంకా గట్టిగా నొక్కుతాం. పదిసార్లు నొక్కుతాం. అలా చేయకండి. ఒక్కసారి నొక్కి, వినండి. ఆ చప్పుడే సగం రోగం చెప్పేస్తుంది.

ముందు లోపల ఏముంటుందో రెండు మాటల్లో చెప్తాను. అద్దాన్ని పైకి కిందికి నడిపే సరంజామాను రెగ్యులేటర్ అంటారు. దానికి చిన్న మోటారు ఉంటుంది, కారు బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులతో తిరుగుతుంది. చాలా కార్లలో ఆ మోటారు ఒక గుండ్రటి డ్రమ్మును తిప్పుతుంది. డ్రమ్ముకు సన్నని ఉక్కు కేబుల్ చుట్టి ఉంటుంది. ఆ కేబుల్ పట్టాల మీదుగా పోయి, ప్లాస్టిక్ క్లిప్పును పైకి లాగుతుంది. ఆ క్లిప్పు మీదే అద్దం కూర్చుంటుంది. అంత బరువైన అద్దం, దాని కింద బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క! నేను ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యపోయే ఏర్పాటు ఇది. కొన్ని కార్లలో కేబుల్ బదులు కత్తెరలా తెరుచుకునే ఇనుప చేతులుంటాయి. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇలా స్విచ్ నొక్కితే నడిచే అద్దం, అంటే పవర్ విండో, ఈనాటిది కాదు. 1940ల మొదట్లోనే అమెరికాలో ప్యాకార్డ్ కార్లలో నూనె ఒత్తిడితో అద్దాలు ఎక్కించారు. విద్యుత్ మోటార్లు ఆ తర్వాత వచ్చాయి. చరిత్ర ఇంతటితో వదిలేద్దాం, ఎందుకంటే మా మేనల్లుడి కారు సంగతి మీకు పూర్తిగా చెప్పాలని నా ఆశ.

వాన కురుస్తున్న సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. “మావయ్యా, అద్దం లోపలికి జారిపోయింది. ఎంత నొక్కినా రావట్లేదు.” నేను మొదట అన్న మాట, “నొక్కడం ఆపరా.” ఎందుకంటే కేబుల్ తెగి ఉంటే, మోటారు తిరిగిన కొద్దీ తెగిన పోగులు డ్రమ్ముకు చుట్టుకుని చిక్కుపడతాయి. చిన్న పని పెద్ద పనవుతుంది. “నువ్వు నొక్కినప్పుడు ఏం వినిపించింది?” అని అడిగాను. “ముందు ఠప్‌మని పేలినట్టు వినిపించింది. తర్వాత జుయ్‌మని తిరుగుతూనే ఉంది మావయ్యా” అన్నాడు.

చూశారా? ఠప్, తర్వాత జుయ్. మోటారు తిరుగుతోంది, అద్దం కదలట్లేదు. అంటే మోటారు బతికే ఉంది. మోటారుకీ అద్దానికీ మధ్యలో ఏదో తెగింది, లేదా విరిగింది.

ఆ రాత్రికి కావలసింది అద్దం పైన నిలబడటం. అదృష్టవశాత్తూ అద్దం అంచు రెండు అంగుళాలు బయటికి కనిపిస్తోంది. ఒక అరచెయ్యి లోపలివైపు, ఒక అరచెయ్యి బయటివైపు పెట్టి, రెండిటి మధ్యా అద్దాన్ని నొక్కిపట్టి పైకి జరపమన్నాను. వచ్చింది. చేత్తో అద్దం వచ్చిందంటేనే లోపల బంధం తెగిందని రుజువు. మామూలుగా అయితే మనం ఎంత నెట్టినా పవర్ విండో అద్దం కదలదు. మోటారు లోపల మరలాంటి వర్మ్ గేర్ ఉంటుంది. అది పళ్లచక్రాన్ని తిప్పగలదు గానీ, పళ్లచక్రం తిరిగి దాన్ని తిప్పలేదు. బయటినుంచి ఎవరూ అద్దాన్ని కిందికి తోసేయలేకపోవడానికి కారణం అదే.

అద్దం పైకొచ్చాక, తువ్వాలుతో అద్దాన్నీ తలుపు చట్రాన్నీ పొడిగా తుడిచి, లోపలినుంచి చట్రం మీదుగా బయటిదాకా వెడల్పాటి టేపు మూడుచోట్ల అంటించమన్నాను. తడి అద్దానికి టేపు అంటదు. తుడవడం మరిచిపోతే దారిలోనే జారిపోతుంది. వాడు తుడిచాడు, అంటించాడు, ఇంటికి చేరాడు.

మర్నాడు ఎవరికో చూపిస్తే మోటారు పోయింది, మార్చాలి అన్నారట. నాకు బాధేసింది. తిరుగుతున్న మోటారు ఎలా పోతుంది? విని ఉంటే ఆ మాట వచ్చేది కాదు. ‘జుయ్’ అంటే మోటారు మంచిదే, కేబులో క్లిప్పో పోయింది. ‘కటకట’ అంటే కేబుల్ చిక్కుపడింది, లేదా గేరు పళ్లు అరిగాయి. ఏ చప్పుడూ లేకపోతే అప్పుడు ముందు ఫ్యూజు చూడాలి, తర్వాత స్విచ్, తర్వాత తలుపుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచి పోయే తీగలు. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ తీగలు వంగుతాయి, ఏళ్ల తరబడి వంగి వంగి లోపల తెగుతాయి. అవన్నీ బాగున్నాయనుకుంటేనే మోటారును అనుమానించాలి. అప్పుడు కూడా స్విచ్ నొక్కిపట్టి తలుపును పిడికిలితో తట్టి చూడండి. తట్టగానే కదిలితే, కరెంటు వస్తోంది గానీ మోటారు అలసిపోయిందని అర్థం.

ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. తలుపు లోపలివైపు ప్లాస్టిక్ ప్యాడ్ తీయాలి. ముందుగా ఒక జాగ్రత్త: కొన్ని కార్ల తలుపుల్లో ఎయిర్‌బ్యాగ్ గానీ, దాని సెన్సర్ గానీ ఉంటుంది. అలాంటి కారైతే బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మాన్యువల్‌లో రాసినంతసేపు ఆగాకే చెయ్యి పెట్టాలి. వాడి కారులో అవి లేవు.

ప్యాడ్ స్క్రూలు పైకి కనిపించవు. హ్యాండిల్ వెనక ఒకటి, చెయ్యి ఆనించే చోట చిన్న మూత కింద ఒకటి దాక్కుంటాయి. స్క్రూలన్నీ వచ్చాయనుకుని లాగితే, మిగిలిపోయిన ఆ ఒక్క స్క్రూ దగ్గర ప్యాడ్ పగులుతుంది. రాకపోతే లాగకండి, వెతకండి. తర్వాత అంచు చుట్టూ క్లిప్పులు. స్క్రూడ్రైవర్‌తో కాకుండా ప్లాస్టిక్ పట్టీతో ఒక్కొక్కటి ఎత్తాం. పటక్, పటక్, పటక్. ఆ చప్పుడంటే నాకు చాలా ఇష్టం. తర్వాత ప్యాడ్‌ను పైకెత్తి, స్విచ్ తీగలూ తలుపు తీసే హ్యాండిల్ కేబులూ విడదీసి పక్కన పెట్టాం.

దాని వెనక నల్లటి జిగురుతో అంటించిన పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను. జిగురు సాగేలా నెమ్మదిగా ఒలిచాం, చిరగలేదు.

లోపల టార్చి వేసి చూస్తే, అద్దాన్ని మోసే క్లిప్పు రెండు ముక్కలై ఉంది. కేబుల్ చివర చీపురులా విచ్చుకుంది. మా వాడు ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. “ఇంత ముక్కకా ఇంత గొడవ?” అన్నాడు. అవునురా అన్నాను. కానీ అది ఊరికే విరగలేదు. అద్దం జారే రబ్బరు బీడింగు దుమ్ముతో గట్టిపడి, అద్దాన్ని పట్టేస్తోంది. మోటారు లాగుతోంది, రబ్బరు వదలట్లేదు, మధ్యలో నలిగింది ఈ ముక్క. మంచు పడే చోట్ల అద్దం రబ్బరుకు గడ్డకట్టుకుపోయి ఇలాగే విరుగుతుంది. అందుకే కొత్త రెగ్యులేటర్ బిగించేముందు బీడింగును తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాం. మామూలు నూనె, గ్రీజు రబ్బరుకు పూయకూడదు. రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము పట్టుకుంటుంది.

అద్దాన్ని చేత్తో జరిపి, క్లిప్పు బోల్టులు తలుపు రేకులోని రంధ్రాలకు ఎదురుగా వచ్చాక విప్పాం. అద్దాన్ని పూర్తిగా పైకెత్తి మళ్ళీ టేపు వేశాం. ఈ అద్దం గట్టిదే, కానీ దాని అంచుకు ఇనుము తగిలితే క్షణంలో గులకరాళ్లలా రాలిపోతుంది. చేతికి గ్లవుజులు కూడా ఉండాలి, తలుపు రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి. తర్వాత 10 మిల్లీమీటర్ల పానాతో రెగ్యులేటర్ నట్లు విప్పి, పట్టాలను వంచుతూ కింది రంధ్రంలోంచి బయటికి లాగాం. కొన్ని కార్లలో నట్ల బదులు రివెట్లుంటాయి, వాటిని డ్రిల్లుతో తీయాలి.

ఇందాక చెప్పిన కత్తెర రకం అయితే ఇక్కడ ఆగండి. దానికి అద్దం బరువు మోసే బలమైన స్ప్రింగు ఉంటుంది. మోటారు విప్పగానే ఆ చెయ్యి ఒక్కసారిగా ఎగురుతుంది. వేళ్లు నలుగుతాయి. అలవాటు లేనివాళ్లు దాని జోలికి పోవద్దని ప్రేమతో చెప్తున్నాను.

పాత మోటారుకు మూడే స్క్రూలు. విప్పి కొత్త రెగ్యులేటర్‌కు బిగించాం. మోటారు కొననే లేదు. కొత్తది కొనేటప్పుడు ఎడమ తలుపుదా కుడి తలుపుదా, ముందుదా వెనకదా అని సరిచూసుకోండి. ఎడమ, కుడి ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉంటాయి, చూడ్డానికి ఒకటే అనిపిస్తాయి, బిగించేటప్పుడు సరిపోవు.

బోల్టులు ముందు వదులుగానే పెట్టాం. మోటారు తీగ కలిపి, స్విచ్ తగిలించి, అద్దాన్ని పూర్తిగా పైకి ఎక్కించాం. అద్దం తనంతట తాను రబ్బరు గాడిలో సర్దుకున్నాక అప్పుడు బిగించాం. ముందే బిగిస్తే అద్దం పక్కకి ఒరిగి మళ్ళీ పట్టేస్తుంది. తర్వాత మా వాణ్ని కళ్లు మూసుకుని స్విచ్ నొక్కమన్నాను. ‘స్స్స్’మని ఒకే తీరుగా వెళ్లింది, ఒకే తీరుగా దిగింది. వాడు కళ్లు మూసుకునే నవ్వాడు.

ఒక్క నొక్కుతో దానంతటదే ఎక్కే అద్దమైతే, దానికి పై అంచు ఎక్కడుందో మళ్ళీ నేర్పాలి. చాలా కార్లలో అద్దం పైకి చేరాక స్విచ్‌ను కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే చాలు, మీ కారు పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. అడ్డం తగిలితే ఆగి వెనక్కి దిగే ఏర్పాటున్న కారైతే, కాగితం చుట్టను అడ్డంపెట్టి చూడండి. చెయ్యి పెట్టి చూడకండి. పిల్లలున్న ఇంట్లో ఈ పరీక్ష మానొద్దు.

ఇక ఆ ప్లాస్టిక్ షీటు. “ఇదెందుకు మావయ్యా, ప్యాకింగు కవరులా ఉంది, పారేద్దాం” అన్నాడు మా వాడు. చాలామంది పారేస్తారు. పారేయకండి. దయచేసి పారేయకండి. వాననీళ్లు తలుపులోకి రానే రావని మనం అనుకుంటాం. ప్రతి వానకీ వస్తాయి. అద్దం పక్కనుంచి లోపలికి జారి, రేకు వెంట దిగి, తలుపు అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. అవి కారు లోపలివైపుకు రాకుండా ఆపేది ఈ షీటే. అది లేకపోతే నీళ్లు ప్యాడ్ వెనకనుంచి కార్పెట్‌లోకి ఇంకుతాయి. పైకి తెలియదు, నెల తర్వాత ముక్కవాసన వస్తుంది.

వాడికి నమ్మకం కలగలేదు. షీటును మళ్ళీ జిగురుమీద వేలితో చుట్టూ నొక్కి అంటించాక, ఒక చెంబు నీళ్లు తెచ్చి మూసిన అద్దం మీద బయటినుంచి పోయమన్నాను. పోశాడు. ఇద్దరం నేలమీద కూర్చుని తలుపు అడుగు చూస్తున్నాం. ముందువైపు రంధ్రంలోంచి నీళ్లు బొట్లుబొట్లుగా వచ్చాయి. వెనకవైపు దాంట్లోంచి ఏమీ రాలేదు. పుల్లతో పొడిచాం. ముందు నల్లటి బురద జారింది, ఆకుముక్కలు జారాయి, తర్వాత తెల్లటి నీళ్లు వచ్చాయి. లోపల షీటు మీద చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. అప్పుడు ప్యాడ్ తెచ్చి బిగించాం.

నమస్కారం.