కుక్క బాగానే తింటోంది, అయినా చిక్కిపోతోంది: అసలు కారణం ఎలా పట్టుకోవాలి?

నమస్తే అండి. "మా కుక్క బాగానే తింటోంది, అయినా రోజురోజుకీ బక్కచిక్కిపోతోంది, ఏం టానిక్ పొయ్యాలి?" అని చాలామంది అడుగుతున్నారు. టానిక్ సంగతి పక్కన పెడదాం. బరువు తగ్గడం అనేది జబ్బు కాదు, లోపల ఏదో జబ్బు ఉందని చెప్పే గుర్తు. ఆ జబ్బేంటో తెలియకుండా లివర్ టానిక్కులు, క్యాల్షియం సిరప్పులు పోస్తూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి, ఈలోపు జబ్బు ముదిరిపోతుంది. ఇలా ముదిరాక తీసుకొచ్చిన కుక్కల్ని చూసినప్పుడల్లా నాకు చాలా బాధేస్తుంది, అందుకే ఈ వీడియో.

ముందు నిజంగా తగ్గిందో లేదో చూద్దాం. రోజూ చూసే కళ్లకి తేడా తెలియదు, పైగా పొమరేనియన్‌లాంటి బొచ్చు కుక్కలైతే అసలు కనపడదు. మీరు వెయింగ్ మెషీన్ ఎక్కి మీ బరువు చూసుకోండి, తర్వాత కుక్కని ఎత్తుకుని ఎక్కండి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేయండి, అంతే. తేదీ వేసి ఫోన్లో రాసిపెట్టుకోండి. మీరు తిండి తగ్గించకుండానే పదో వంతు బరువు పోయిందంటే, అంటే 30 కిలోల లాబ్రడార్ 27కి వచ్చిందంటే, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇప్పుడు ఇలా చూడండి, ఈ కుక్క పేరు చిట్టి, చిట్టీ, ఇటు రా. మీ చెయ్యి పిడికిలి బిగించి, వేళ్ల కణుపుల మీద ఇంకో చేత్తో నిమరండి, గట్టిగా ఎముకలు తగులుతాయి కదా. కుక్క పక్కటెముకలు అలా తగిలితే మరీ సన్నబడినట్టు. చెయ్యి చాపి అరచేతి వెనకాల నిమిరితే ఎలా ఉంటుందో అలా తగిలితే సరిగ్గా ఉన్నట్టు. నడుం దగ్గర, వెన్నెముక మీద కూడా చెయ్యి వేసి చూడండి, అక్కడ కండ కరిగిపోయి వెన్నుపూసలు పైకి తేలాయంటే అది కొవ్వు తగ్గడం ఒక్కటే కాదు.

ఇక కారణాలు. డాక్టర్ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే: తింటూ తగ్గుతోందా, తినక తగ్గుతోందా? ఈ రెండూ వేరు వేరు దారులు, కాబట్టి దీనికి జవాబు మీ దగ్గర ఖచ్చితంగా ఉండాలి. "బాగానే తింటుందనుకుంటా" అంటే కుదరదు. గిన్నెలో ఎంత వేశారు, ఎంత మిగిలింది, ఇంట్లో రెండు కుక్కలుంటే ఎవరిది ఎవరు తింటున్నారు, రెండు మూడు రోజులు దగ్గరుండి చూడండి.

తింటూ తగ్గుతుంటే ముందు చూడాల్సింది కడుపులో పురుగులు. కొంకిపురుగులు పేగుకి పట్టుకుని రక్తం పీల్చేస్తాయి, చిన్న కుక్కపిల్లలైతే ప్రాణం మీదికే వస్తుంది. తోక కింద, పడుకున్న గుడ్డ మీద బియ్యపు గింజల్లాంటివి కనపడితే అవి బద్దెపురుగులు, ఇవి గోమార్ల (పిడుదుల) వల్ల కాదు, బొచ్చులో గెంతుతూ తిరిగే చిన్న పురుగులు ఉంటాయి చూడండి, ఫ్లీస్ అంటారు, వాటిని కుక్క కొరికి మింగడం వల్ల వస్తాయి. అందుకని మాత్ర వేసి ఊరుకుంటే సరిపోదు, ఫ్లీస్ కూడా పోవాలి. మనుషుల నులిపురుగుల మాత్ర సగం విరిచి వేసేవాళ్లున్నారు, దయచేసి వద్దు. కుక్కల మందే, దాని బరువుకి తగిన డోసులోనే వెయ్యాలి.

జర్మన్ షెపర్డ్ ఉన్నవాళ్లు ఇది ప్రత్యేకంగా వినండి. వయసు చిన్నదే, ఆకలి విపరీతం, ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది, చివరికి తన మలం తానే తినేస్తుంది, అయినా ఎముకలగూడు. మలం లేత రంగులో, జిడ్డుగా, కుప్పలుకుప్పలుగా, భరించలేని వాసన. ఇది క్లోమగ్రంథి అరుగుదల ఎంజైములు తయారు చెయ్యకపోవడం. తిన్నది తిన్నట్టే బయటికి పోతోంది. టీఎల్ఐ అనే రక్తపరీక్షతో తేలుతుంది, ప్రతి పూటా తిండిలో ఎంజైము పొడి కలిపి పెడితే చాలా కుక్కలు మళ్లీ కండ పడతాయి, కాకపోతే అది జీవితాంతం పెట్టాలి.

నడివయసు దాటిన కుక్క, ముఖ్యంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క, గిన్నెలకి గిన్నెలు నీళ్లు తాగుతూ, ఎప్పుడూ లేనిది ఇంట్లో మూత్రం పోసేస్తూ, ఆ మూత్రానికి చీమలు పడుతుంటే షుగర్ అని అనుమానించండి. కుక్కలకి షుగర్ మాత్రలు పనిచెయ్యవు, ఇన్సులిన్ ఇంజెక్షనే. ఆలస్యం చేస్తే కళ్లలో శుక్లాలు చాలా త్వరగా వచ్చేస్తాయి. నీళ్లు ఎక్కువ తాగుతూ, తిండి మీద మాత్రం అయిష్టం, వాంతులు, నోటినుంచి ఒకరకమైన వాసన ఉంటే కిడ్నీలు చూపించండి.

ఇప్పుడు మన దగ్గర నేను అన్నిటికంటే ముందు అనుమానించేది: టిక్ ఫీవర్. టిక్స్ అంటే గోమార్లు, పిడుదులు, మీరు ఏ పేరుతో పిలిచినా అవే. వాటి నుంచి ఎర్లీకియా అనే సూక్ష్మజీవి రక్తంలోకి వెళ్తుంది. మొదట జ్వరం, నీరసం వచ్చి తగ్గిపోవచ్చు, అందరూ మర్చిపోతారు. నెలల తర్వాత కుక్క మెల్లగా చిక్కిపోవడం మొదలవుతుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం వస్తుంది. అప్పటికి ఒంటి మీద ఒక్క గోమారి కూడా ఉండకపోవచ్చు, "మా కుక్కకి గోమార్లే లేవండి" అనడం అందుకే సరిపోదు. ప్లేట్‌లెట్లతో సహా రక్తపరీక్ష, దాంతోపాటు టిక్ ఫీవర్ కిట్ టెస్టు గానీ పీసీఆర్ గానీ చేయించాలి. డాక్సీసైక్లిన్ మామూలుగా 28 రోజులు రాస్తారు. నాలుగు రోజులకే కుక్క లేచి తింటుంది, జనం మందు ఆపేస్తారు. ఆపకండి, డాక్టర్ చెప్పినన్ని రోజులూ వెయ్యండి, తిండితో కలిపి వెయ్యండి.

చిట్టి చెవి ఇలా మడిచి చూపిస్తున్నా, లోపలి మడత చూడండి, గోమార్లు దాక్కునేది ఇక్కడే. కాలివేళ్ల మధ్య, మెడ బెల్టు కింద, తోక మొదట్లో కూడా. దొరికితే చర్మానికి ఆనించి చిమటాతో పట్టుకుని నిటారుగా లాగండి, వేళ్లతో నలపకండి, కిరసనాయిలు పొయ్యకండి. అవి గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి కాబట్టి కుక్క పడుకునే చోటు కూడా శుభ్రం చెయ్యాలి.

తినాలని ఉన్నా తినలేని కుక్కలూ ఉంటాయి. గిన్నె దగ్గరికి ఆశగా వస్తుంది, ముద్ద తీసుకుని కింద పడేస్తుంది, ఒక పక్కనే నములుతుంది. పెదవి ఎత్తి పళ్లు చూడండి, గార, వాచిన చిగుళ్లు, కదిలే పన్ను, లోపలేదైనా గడ్డ. ఇంకోటి, రోజూ పెరుగన్నమే పెట్టే ఇళ్లలో కడుపు నిండుతుంది కానీ మాంసకృత్తులు సరిపోవు, కండ కరిగిపోతుంది. గుడ్డో, చికెనో, మంచి కుక్కల ఫీడో కలపాలి.

పెద్ద వయసు కుక్కల్లో గుండె జబ్బు, క్యాన్సర్ కూడా ఉంటాయి. దవడ కింద, మోకాలి వెనక గడ్డలు తగులుతున్నాయేమో తడిమి చూడండి. "వయసైపోయింది లెండి" అని మాత్రం వదిలెయ్యకండి, వయసు ఒక్కటే కుక్కని ఇలా ఎండగట్టదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రోజు మలం కొంచెం మూత ఉన్న డబ్బాలో పట్టుకెళ్లండి, రాసుకున్న బరువులు చూపించండి, ఇప్పటిదాకా వేసిన మందుల పేర్లన్నీ చెప్పండి. ఖర్చు గురించి టెన్షన్ ఉంటే ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల్లో కూడా చూస్తారు. చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా, వాంతులు ఆగకపోయినా, ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా రేపటిదాకా ఆగొద్దు. పిల్లకుక్కైతే ఒక్క పూట తినకపోయినా ఆ రోజే తీసుకెళ్లండి.