ఇంజెక్షన్ వేసిన సమయం రాయండి

(శ్రీకాకుళంలో స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

తల్లికి మత్తు ఇస్తే బిడ్డ ఊపిరి పీల్చదేమోనని కాన్పు గది బయట అత్తగార్లు అడుగుతూనే ఉంటారు. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. అయితే అన్ని మందులనూ ఒకే గాటన కట్టకూడదు.

సిజేరియన్‌కు ఇప్పుడు ఎక్కువగా నడుములో సూది వేస్తున్నాం. అందులో వాడే బుపివకైన్ అనే మత్తుమందు మోతాదు చాలా తక్కువ, బిడ్డకు చేరేది మరీ తక్కువ. అక్కడ కనిపెట్టుకోవలసింది తల్లి బీపీని. అది పడిపోతే మాయకు (ప్లాసెంటాకు) రక్తం తగ్గి బిడ్డ ఇబ్బందిలో పడుతుంది. పూర్తి మత్తుకు వాడే థయోపెంటోన్, ప్రొపొఫాల్ మాయను దాటి బిడ్డకు చేరతాయి. కండరాలను సడలించే సక్సామిథోనియం దాదాపు దాటదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నొప్పుల సమయంలో కండకు ఇచ్చే పెథిడిన్ అనే నొప్పి తగ్గించే మందు. ఇచ్చిన గంటలోపే కాన్పయితే బిడ్డపై ప్రభావం తక్కువ. రెండు మూడు గంటలకు పుట్టిన బిడ్డకే శ్వాస మందగించే ప్రమాదం ఎక్కువ. ఇప్పుడు మన జిల్లాను తలచుకోండి. మందస వైపు నుంచో, మెళియాపుట్టి నుంచో ఇంజెక్షన్ వేయించుకుని బయలుదేరిన గర్భిణి 108లో ఇక్కడికి చేరేసరికి కాన్పు ఆ గంటల్లోనే పడవచ్చు. రిఫరల్ చీటీలో ‘నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాం’ అని మాత్రమే ఉంటే మాకు ఏమీ చెప్పనట్టే. మందు పేరు, మోతాదు, గడియారం చూసి సమయం, ఈ మూడూ రాయండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇక బిడ్డ పుట్టింది, గుండె కొట్టుకుంటోంది, ఊపిరి లేదు. అప్పుడు పెథిడిన్ ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ మందు కోసం అల్మారా వెతకవద్దు. తుడిచి, వెచ్చగా ఉంచి, మొదటి నిమిషంలోనే బ్యాగు, మాస్కుతో ఊపిరి అందించండి. పుట్టిన వెంటనే బిడ్డ స్థితిని అంచనా వేసే ఆప్గార్ స్కోరును 1952లో రూపొందించిన వర్జీనియా ఆప్గార్ మత్తు వైద్యురాలే. ఆమె అంటే నాకెంతో గౌరవం. అయినా స్కోరు లెక్కించడం కోసం బ్యాగు పట్టుకోవడం ఆలస్యం చేయకండి.

ఆశా కార్యకర్తలకు ఒక మాట. పెథిడిన్ శరీరంలో నార్‌పెథిడిన్ అనే మరో పదార్థంగా మారుతుంది. పసికందు ఒంట్లోంచి అది పోవడానికి రోజులు పడుతుంది. బిడ్డ ఏడ్చాక కూడా మగతగా ఉండి, రొమ్ము సరిగా పట్టకపోవచ్చు. పాలు పడలేదని ఇంట్లోవాళ్లు తల్లిని నిందించకుండా చూడండి. ఊపిరి మధ్యలో ఆగుతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా వెంటనే నర్సును పిలవండి.