హ్యాలోవీన్ గుమ్మడికాయ భయపెట్టాలంటే ముందు లోపల గీకండి

[టేబుల్ మీద చెక్కిన గుమ్మడికాయలు రెండు. గదిలో లైట్లు ఆరతాయి.]

రెండింటికీ ఒకటే స్టెన్సిల్. అవే కళ్లు, అవే కోరలు. ఎడమవైపుది చూస్తే పిల్లలు రెండడుగులు వెనక్కేస్తారు. కుడివైపుది చూస్తే జాలేస్తుంది. తేడా అంతా కాయ గోడ మందంలోనే ఉంది.

అక్టోబర్ వస్తే చాలు, కోరలు ఎంత పెద్దవి పెట్టాలని అడుగుతారు. లోపల ఎంత గీకాలో మాత్రం అడగరు. గీకడమంటే గింజలూ పీచూ తీసి శుభ్రం చేయడమే అనుకుంటారు. కాదండీ, చెక్కుడు అక్కడే మొదలవుతుంది!

తోలుబొమ్మలాట తెలుసుగా? ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంటలో బొమ్మ చేసేవాళ్లు ముందు తోలును వెలుగు దాటేంత పల్చగా చేస్తారు. రంగులూ చిల్లులూ ఆ తర్వాతే. మందపు తోలు మీద ఎంత గొప్ప రావణుణ్ణి గీసినా తెర మీద నల్లటి మచ్చే కనిపిస్తుంది.

[క్లోజప్: కాయ అడుగు]

కాయ సంగతి త్వరగా చెప్పేస్తా. చెక్కడానికి హౌడెన్ లాంటి పెద్ద రకాలు తీసుకోండి. ‘పై’ (pie) అనే తీపి వంటకం చేసుకునే చిన్న కాయలు వద్దు, వాటి కండ మందం. వాటిని పులుసులో వేసుకోండి, బాగుంటాయి. అడుగు నొక్కి చూడండి, మెత్తగా దిగితే పక్కన పెట్టేయండి. తొడిమ పట్టుకుని మాత్రం ఎత్తొద్దు. అది విరిగితే కుళ్లు అక్కడే మొదలవుతుంది.

మూత పైన కోయకండి. కోసిన అంచు ఎండి ముడుచుకుంటుంది, రెండ్రోజుల్లో మూత లోపలికి జారుతుంది. అడుగున ఐదారు అంగుళాల రంధ్రం చేసి, కాయను దీపం మీద బోర్లించినట్టు పెట్టండి. పైనే కావాలంటే కత్తిని ఏటవాలుగా, మొన లోపలికి వాలేలా పట్టుకుని కోయండి. నిటారుగా కోస్తే మూత సరాసరి లోపల పడుతుంది.

ఇక గీకుడు. గట్టి అంచున్న పెద్ద స్పూన్ చాలు. ముఖం వచ్చే వైపు గోడ ఒక అంగుళం మిగలాలి, వెనకవైపు ఎంతున్నా పర్లేదు. పొడవాటి సూది బయటి నుంచి గుచ్చి, లోపల మొన తగలగానే ఆపి, ఎంత దిగిందో కొలవండి. రెండంగుళాలు ఉందంటే కన్ను సొరంగం అవుతుంది: ఎదురుగా నిలబడితేనే వెలుగు కనిపిస్తుంది, పక్క నుంచి వచ్చేవాళ్లకు చీకటే. అరంగుళం కన్నా తగ్గిస్తే మర్నాటికే ముఖం వాలిపోతుంది.

[స్క్రీన్ మీద: ముఖంలో మూడు రకాల వెలుగు]

మళ్లీ తోలుబొమ్మ దగ్గరకే వద్దాం. బొమ్మ ఒంటి మీద నగలు మెరిసేది చిల్లుల వల్ల. రంగు వెలిగేది పల్చటి తోలు వల్ల. గుమ్మడికాయకూ అంతే. పూర్తిగా కోసిన చోట పసుపు వెలుగు, పై తొక్క మాత్రమే చెక్కిన చోట నారింజ మెరుపు, ముట్టుకోని చోట నలుపు. అందరూ మొదటిదీ చివరిదీ వాడి ఆపేస్తారు. భయం మధ్య దాంట్లో ఉంది: కనుబొమల ముడతలు, చిగుళ్లు, చెంపల గుంటలు. మట్టి బొమ్మలకు వాడే లూప్ టూల్‌తో తొక్క తీసి, పావు అంగుళం లోతు వరకు చెక్కండి.

కోతకు గుమ్మడికాయ చెక్కే కిట్‌లో వచ్చే సన్న రంపం వాడండి. వంటింటి కత్తి మూలల్లో తిరగదు. తిప్పబోతే జారేది మీ చేతి మీదికే. రంపం నిటారుగా, పైకీ కిందికీ. ముందు ముక్కు, కళ్లు, చివర్లో నోరు. నోరు ముందే కోస్తే గోడ బలం పోయి, మిగతాది కోస్తుంటే ఊగుతుంది. ప్రతి పన్నూ చిగురుకు అతుక్కునే ఉండాలి, గాల్లో వేలాడే పన్ను ఉండదు కదా! ముక్క రాకపోతే పొడిచి తీయొద్దు, గీత మీద మళ్లీ రంపం నడపండి. పన్ను విరిగిందా? టూత్‌పిక్ గుచ్చి అతికించేయండి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా.

గాలన్ నీళ్లలో టేబుల్ స్పూన్ బ్లీచ్ కలిపి లోపల స్ప్రే చేయండి, బూజు ఆలస్యమవుతుంది. ఆరాక కోసిన అంచులకు వాజలీన్. కానీ అది మండుతుంది, కాబట్టి ఎల్‌ఈడీ దీపమే పెట్టండి. డల్లాస్, హ్యూస్టన్ వాళ్లూ, మీ ఎండకు అక్టోబర్ 30వ తేదీ సాయంత్రం కన్నా ముందు చెక్కొద్దు.

గింజలు పారేయకండి. కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టి, నూనె, ఉప్పు పట్టించి 325 ఫారన్‌హీట్ ఓవెన్‌లో 20 నుంచి 25 నిమిషాలు. కారం మాత్రం దించాకే చల్లండి. ముందే వేస్తే మాడి, ఇల్లంతా దగ్గులే.