వంటింట్లో ఉన్న ఆ అమ్మాయి

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో నాటకాలు రాసేవాళ్లు, వేసేవాళ్లే ఎక్కువ కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వస్తాను. అమెరికన్ రచయిత్రి లిడియా ఆర్. డైమండ్ రాసిన ‘స్టిక్ ఫ్లై’ నాటకం గురించి మాట్లాడతాను. 2006లో షికాగోలో మొదటిసారి ఆడి, 2011 డిసెంబర్‌లో బ్రాడ్‌వేకి, అంటే న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలలకు, వచ్చింది. దర్శకుడు కెన్నీ లియాన్, నిర్మాతల్లో గాయని అలీషియా కీస్ ఉన్నారు. మూడు నెలలు తిరక్కుండానే ఆగిపోయింది. కానీ డబ్బున్న నల్లజాతి ఇంటిని లోపలి నుంచి ఇంత ధైర్యంగా చూపించిన నాటకాలు తక్కువని నా గట్టి నమ్మకం.

కథ మసాచుసెట్స్ తీరంలోని మార్తాస్ వినియార్డ్ దీవిలో జరుగుతుంది. ఈ దీవి సంగతి కొంచెం తెలియాలి. అక్కడి ఓక్ బ్లఫ్స్ అనే ఊరికి నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా వేసవికి వస్తున్నాయి. మామూలు హోటళ్లు నల్లవాళ్లకు గది ఇవ్వని రోజుల్లో, 1912లో, బానిసగా పుట్టిన చార్లెస్ షియరర్ కుటుంబం వాళ్ల కోసమే అక్కడ ఒక అతిథి గృహం తెరిచింది. అలాంటి చరిత్ర ఉన్న దీవిలో సొంత ఇల్లు ఉండటమంటే ఒక నల్లజాతి కుటుంబానికి ఎంత గర్వమో ఊహించండి. నాటకంలోని లెవే కుటుంబానికి ఆ గర్వం నిండుగా ఉంది.

తండ్రి జో న్యూరోసర్జన్. పెద్దకొడుకు ఫ్లిప్ ప్లాస్టిక్ సర్జన్, తన తెల్లజాతి స్నేహితురాలు కింబర్‌ని తీసుకొస్తాడు. చిన్నవాడు కెంట్ నవలా రచయిత, తను చేసుకోబోయే టేలర్‌తో వస్తాడు. టేలర్ ఈగల మీద పరిశోధన చేస్తుంది. ఈగ రెక్కలు కంటికి అందనంత వేగంగా కొట్టుకుంటాయి కదా, అందుకని దాన్ని ఒక పుల్లకు జిగురుతో అంటించి, కెమెరాతో తీసి, ఆ కదలికను నెమ్మదిగా చూస్తారు. నాటకం పేరు అందులోంచే వచ్చింది. రచయిత్రి ఈ కుటుంబానికి చేసింది కూడా సరిగ్గా అదే.

ఇక షెరిల్. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో పనిచేసిన ఆవిడ కూతురు, పద్దెనిమిదేళ్ల పిల్ల. తల్లికి ఒంట్లో బాగాలేక ఆమె బదులు తను పనికొచ్చింది. హాల్లో జాతి గురించి వాదన వేడెక్కి టేలర్, కింబర్ ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. ఆ వాదన నిజమైనదే, పదునైనదే. కానీ అంత తెలివైన మాటలు మాట్లాడేవాళ్లకు కాఫీ, టిఫిన్ అందిస్తున్న నల్లజాతి పిల్ల ఒకత్తి పక్కనే ఉందన్న సంగతి వాళ్ల వాదనలోకి రాదు. టేలర్‌కి మాత్రం ఇబ్బందిగా ఉంటుంది, వంటింట్లోకి వెళ్లి నేనూ చేస్తాను అంటుంది. షెరిల్‌కి అది చిరాకు. తన పని తనను చేసుకోనివ్వకుండా ఆ మంచితనమేమిటి అని.

తర్వాత తల్లి ఫోన్‌లో నిజం చెబుతుంది: నీ తండ్రి ఆ ఇంటి యజమానే. జో భార్య ఈసారి ఎందుకు రాలేదని ఎవరడిగినా జో మాట ఎందుకు దాటేస్తున్నాడో మనకు అప్పుడు అర్థమవుతుంది.

దీన్ని టీవీ సీరియల్ మలుపు అని తీసిపారేసేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఎందుకంటే పక్కనే టేలర్ ఉంది. ఆమె తండ్రి పేరుమోసిన మేధావి, తల్లినీ తననూ వదిలేసి వేరే సంసారం పెట్టుకున్నాడు. ఇద్దరినీ తండ్రులే కాదనుకున్నారు, కానీ ఒకరికి ఆ పెద్దాయన ఇంటిపేరూ చదువూ దక్కాయి, రెండోవాళ్లకు కన్నతండ్రి ఇంట్లోనే గదులు ఊడ్చే పని దక్కింది. తండ్రి చేసిన తప్పు ఒకటే అయినా తల్లి ఏ ఇంట్లో ఏ పని చేసిందన్నదాన్ని బట్టి పిల్ల బతుకు మారిపోయింది. వర్గం అంటే నాకు అర్థమైనంతలో ఇదే.

దీన్ని తెలుగులోకి తెచ్చి జాతి బదులు కులం పెడితే సరిపోతుందా అని మీలో కొందరు అడిగారు. అలా పేర్లు మార్చేస్తే కుదరదని నా అభిప్రాయం. ఆ దీవి చరిత్ర, ఆ గర్వం పోతే షెరిల్ మౌనానికున్న బరువు పోతుంది. మన ఇళ్ల కథ మనం మొదటి నుంచీ రాసుకోవాలి. దీన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టే వేయండి.

వేసేవాళ్లకు ఒక్క సూచన. షెరిల్ పాత్ర వేసే అమ్మాయితో రిహార్సల్ మొదటి రోజు నుంచే నిజమైన గిన్నెలు, కప్పులతో, నిజంగా పని చేయించండి. ఫోన్ రాకముందు ఆమె కప్పులు ఎలా సర్దేదో ప్రేక్షకులు బాగా చూసి ఉంటేనే, ఫోన్ పెట్టేశాక మళ్లీ అదే ట్రే ఎత్తుకుని హాల్లోకి వెళ్లడం ఎంత కష్టమో వాళ్లకు తెలుస్తుంది.