సాంబయ్య డబ్బు ఎందుకు వద్దన్నాడు?

అందరికీ నమస్కారం.

ఈ కథల కార్యశాలకు మీరు పంపిన కథలన్నీ చదివాను. భాష బాగుంది. గుంటూరు మాట, కృష్ణా మాట ఎక్కడికక్కడ చక్కగా పలికాయి. నాకు అడ్డం తగిలింది ఒక్కటే. చాలా కథల్లో పాత్రకు ఏం కావాలో మొదటి పేజీలోనే తెలిసిపోతోంది: ఉద్యోగమో, ఇల్లో, అమెరికా వీసానో. అది ఎందుకు కావాలో మాత్రం చివరిదాకా తెలియడం లేదు. డబ్బు ఎవరికి చేదండీ అని మీరు అడగొచ్చు. ఎవరికీ చేదు కాదు కాబట్టే, అది ఒక్కటే రాస్తే ఆ మనిషి ఎవరో మాకు అర్థం కాదు.

మనం కూర్చున్న ఈ విజయవాడనే తీసుకోండి. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేశాడని స్థలపురాణం. ఆయన లక్ష్యం అస్త్రం. ఎందుకంటే మాత్రం వెనక్కి వెళ్లాలి, జూదం దాకా, నిండు సభలో ద్రౌపదికి జరిగిన అవమానం దాకా. అర్జునుడిలో లక్ష్యమూ కారణమూ ఒకే దారిన నడుస్తాయి, చిక్కు తక్కువ. కథ రాసేవాడిగా నాకు ఎక్కువ నేర్పింది కర్ణుడు.

తిక్కన గారి ఉద్యోగపర్వం తీసి చదవండి. రాయబారం చెడిపోయాక కృష్ణుడు కర్ణుడితో ఏకాంతంగా మాట్లాడతాడు. నువ్వు కుంతి కొడుకువి, పాండవులకు పెద్దవాడివి, రాజ్యం నీదే, వచ్చెయ్యమంటాడు. కుమారాస్త్రవిద్యా ప్రదర్శన నాడు కృపుడు నీ కులగోత్రాలేమిటని అడిగితే తల దించుకున్న మనిషి ఇతను. పుట్టుక, గౌరవం, సింహాసనం, అన్నీ ఒక్క మాటతో ఒళ్లో పడుతున్నాయి. వద్దంటాడు. తనను పెంచిన రాధను, అధిరథుణ్ని తలుచుకుంటాడు. దుర్యోధనుడి అండన ఇన్నేళ్లు బతికానంటాడు. పైగా ఈ సంగతి ధర్మరాజుకు తెలియనివ్వొద్దంటాడు. తెలిస్తే ఆయన రాజ్యం తెచ్చి నాకిస్తాడు, నేను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తాను అంటాడు! అర్జునుణ్ని గెలవాలన్నది కర్ణుడి పంతం. ఆ ప్రదర్శన నాడు తన పక్కన నిలబడ్డ దుర్యోధనుణ్ని వదలకూడదన్నది మాత్రం ప్రాణం. ఈ రెండోది మనకు ఆ 'వద్దు' దగ్గరే కనబడుతుంది.

అందుకని పాత్ర నాకు అంతుపట్టకపోతే ఒక పని చేస్తాను. అతను కోరుకున్నదాన్ని వేరే దారిలో, సులువుగా, చేతిలో పెట్టిస్తాను. తీసుకుంటాడా, వద్దంటాడా?

నా కథ ఒకటి ఇలాగే రెండేళ్లు మూలన పడి ఉంది. సాంబయ్య అని పల్నాడు రైతు. 20 టిక్కీల, అంటే బస్తాల, తేజ రకం మిర్చి వేసుకుని రాత్రికి రాత్రి గుంటూరు మిర్చి యార్డుకు వస్తాడు. యార్డు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నా తుమ్ములు ఆగవు. కొనేవాడు టిక్కీలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి గుప్పెడు కాయలు తీస్తాడు. ఊపి గింజల చప్పుడు వింటాడు. ఒక కాయ విరుస్తాడు. రంగు పోయిన తాలు కాయల్ని బొటనవేలితో పక్కకు నెట్టి, ఏమీ అనకుండా పక్క రైతు దగ్గరికి వెళ్లిపోతాడు. అప్పుడు చూడాలి రైతు ముఖం. ఇదంతా రాశాను, కథ మాత్రం కదల్లేదు. ఎందుకంటే సాంబయ్యకు మంచి రేటు కావాలని రాసుకున్నాను. యార్డులో ఎవరికి అక్కర్లేదు మంచి రేటు?

చివరికి కమీషన్ వ్యాపారి చేత ఒక మాట అనిపించాను. "రేటు పడిపోయింది బాబాయ్. సరుకు ఏసీలో పెట్టు. దానిమీద డబ్బు నేనిస్తా, రేటొచ్చాక అమ్ముకుందువుగాని." కోల్డ్ స్టోరేజీని మన రైతులు ఏసీ అంటారు, మీకు తెలుసుగా. సాంబయ్య "వద్దులే అబ్బాయ్, ఇవాళే కాటా వేయించు" అన్నాడు. అనిపించానైతే అనిపించాను గానీ, నష్టానికి ఎందుకు అమ్ముతున్నాడో నేను వెతుక్కోవాల్సి వచ్చింది. కూతురి పెళ్లి అని రాసి కొట్టేశాను. బ్యాంకు అప్పు అని రాసి అదీ కొట్టేశాను. రెండూ ఎవరికైనా సరిపోతాయి.

దొరికింది ఇదీ. ఆ 20 టిక్కీల్లో ఆరు అతని చెల్లెలివి. బావ పోయాక ఆమె పొలం కూడా సాంబయ్యే చేస్తున్నాడు. పోయినేడాది ఆమె సరుకు ఏసీలో పెట్టి, దానిమీద డబ్బు తెచ్చి సొంతానికి వాడుకున్నాడు. రేటు రాలేదమ్మా అని ఆమెకు అబద్ధం చెప్పాడు. ఆమె సరే అన్నయ్యా అంది, అంతే. ఈసారి తక్కువకైనా సరే, ఇవాళ అమ్మిన చీటీ, డబ్బు ఆమె చేతిలో పెట్టాలి.

ఇది తెలిశాక, ముందు రాసిన యార్డు కూడా మారిపోయింది. ఆరు టిక్కీలు విడిగా, కాస్త ఎడంగా పేర్చి ఉన్నాయి. వాటి మూతులు ఎర్ర పురికొసతో కుట్టి ఉన్నాయి, చెల్లెలు కుట్టింది. కొనేవాడు వాటిలో ఒకదాని కుట్టు విప్పబోతే సాంబయ్య "నేను విప్పుతా ఉండండి" అంటాడు. కథ మొత్తంలో చెల్లెలి మాట ఎక్కడా ఎత్తడు. మీరూ ఎత్తించకండి. కారణాన్ని పాత్ర నోటితో చెప్పించాలని చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోండి.

సరే, కాగితాలు తీయండి. మీ కథలో మనిషి అడిగిందే ఎవరో తెచ్చి ఇస్తున్నారు. వద్దంటున్నాడు. ఆ ఇద్దరి మధ్య మాటలు ఒక పేజీ రాయండి. టీ వచ్చేలోపు నేను మీ మధ్యకు వచ్చి ఒక్కొక్కరివీ చూస్తాను.