మన ఇంటిపేరువాళ్లు ఏ దేశంలో ఎందరు?

శ్రోతలకు నమస్కారం.

పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది. "మన ఇంటిపేరువాళ్లు అక్కడ ఎంతమంది ఉంటారంటావ్?" సరదా ప్రశ్నే. జవాబు వెతికే దారీ ఉంది.

అమెరికా జనగణన శాఖ 2000, 2010 లెక్కల నుంచి ఇంటిపేర్ల పట్టికలు తయారుచేసి అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. ప్రతి పేరు పక్కన ఎంతమంది, ఎన్నో స్థానం, లక్షకు ఎందరు అని ఉంటుంది. 2010లో మొదటి స్థానం స్మిత్‌ది, 24,42,977 మంది. మన పటేళ్లు 2000లో 172వ స్థానంలో ఉండి, 2010 కల్లా 95వ స్థానానికి ఎక్కారు, 2,29,973 మంది. స్థానం చూసి మురిసిపోవడం కన్నా, లక్షకు ఎందరో చూడటం మేలు. స్మిత్‌లు లక్షకు 828 మంది, పటేళ్లు 78 మంది. ఒక దేశాన్ని ఇంకో దేశంతో పోల్చాలన్నా ఈ లక్ష లెక్కే పనికొస్తుంది.

మరి తెలుగు ఇంటిపేర్లు? ఆ పట్టికలో చేరాలంటే ఒకే స్పెల్లింగుతో కనీసం 100 మంది ఉండాలి. ఒకే స్పెల్లింగుతో! చిక్కంతా ఇక్కడే.

కొత్తపల్లి అనే ఇంటిపేరు తీసుకుందాం. ఇంగ్లీషులో రాయమంటే "త్త" దగ్గర ఒకరు టి హెచ్ అంటారు, ఒకరు రెండు టీలు అంటారు, ఇంకొకరు రెండు టీలు రాసి హెచ్ కూడా తగిలిస్తారు. మూడు రకాలు. ఇక చివర "పల్లి". కూకట్‌పల్లి బోర్డు చూడండి, చివర వై ఉంటుంది. తాడేపల్లి బోర్డు చూడండి, చివర ఐ ఉంటుంది. అంటే ఇంకో రెండు రకాలు. మూడు రెళ్లు ఆరు. ఇప్పుడు అమెరికాలో కొత్తపల్లివాళ్లు 300 మంది ఉన్నారనుకుందాం, లెక్క కోసమే సుమా. ఆరు స్పెల్లింగుల్లోకి సమానంగా పంచితే ఒక్కోదానికి 50 మంది. ఏ ఒక్కటీ 100 దాటలేదు. మనుషులు 300 మంది, పట్టికలో కొత్తపల్లి సున్నా! పటేల్‌కు ఈ బెడద లేదు. ఎక్కడికి వెళ్లినా దాదాపు ఒకటే స్పెల్లింగు, పేరు చివరే ఉంటుంది.

మనకు ఇంటిపేరు ముందుంటుంది, పైగా ఒక్క పొడి అక్షరంగా. కె. శ్రీనివాసరావుగారు విదేశం వెళ్లి చివరి గడిలో రావు అని రాస్తే రావుల లెక్కలో పడతారు. ఆయన తమ్ముడు కుమార్ లెక్కలో, చెల్లెలు దేవి లెక్కలో పడితే, ఒకే కడుపున పుట్టిన ముగ్గురూ మూడు ఇంటిపేర్లవాళ్లయ్యారు. ఇంటర్‌నెట్‌లో దేశాలవారీ అంకెలు చెప్పే సైట్లు మనదేశంలో దేవిని ఇంటిపేరుగా చూపించేది ఇందుకే. మన జనగణన ఇంటిపేర్ల పట్టిక వేయదు. ఆ సైట్లు చెప్పేవి అంచనాలు మాత్రమే.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ లీ. 2010 అమెరికా పట్టికలో లీలు 6,93,023 మంది, 22వ స్థానం. వాళ్లలో నూటికి దాదాపు 42 మంది ఆసియా మూలాలవాళ్లు, 36 మంది తెల్లవాళ్లు, 16 మంది నల్లవాళ్లు. చైనా లీ, కొరియా లీ, ఇంగ్లండ్ లీ, ఏ చుట్టరికమూ లేకపోయినా అందరూ ఒకే వరసలో. మన కొత్తపల్లిని విడగొట్టిన స్పెల్లింగే ఇక్కడ వేర్వేరు వంశాలను కలిపేసింది.

దక్షిణ కొరియాలో ఐదుగురిలో ఒకరు కిమ్. అందరూ బంధువులు కారు. మన గోత్రాల్లాగా, వంశం మొదలైన ఊరిని బట్టి గిమ్హే కిమ్ వేరు, గ్యోంగ్‌జు కిమ్ వేరు. స్పెయిన్‌లో ప్రతివారికీ రెండు ఇంటిపేర్లు, సాధారణంగా తండ్రిది ముందు, తల్లిది వెనక. అక్కడి గణాంక సంస్థ రెంటినీ వేర్వేరుగా చూపిస్తుంది. ఐస్‌లాండ్‌లో ఎక్కువమందికి వంశం పేరే లేదు. తండ్రి పేరుకో తల్లి పేరుకో కొడుకు, కూతురు అని చేరుస్తారు.

మీ ఇంటిపేరు వెతకాలంటే ముందు ఓ కాగితం మీద సాధ్యమైన స్పెల్లింగులన్నీ రాసుకోండి. ఒక్కొక్కటీ పట్టికలో చూసి, దొరికినవాటి సంఖ్యలు కూడండి. స్థానాలను కూడకండి, అది అర్థంలేని పని. దొరకనిది సున్నా అనుకోకండి, నూరు లోపు అనుకోండి.

ఇక అసలు ఉపయోగపడే సంగతి. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. వదిలితే అమెరికా వీసాలో మీ పేరు మొత్తం ఇంటిపేరు గడిలోకి పోయి, సొంత పేరు దగ్గర ఎఫ్ ఎన్ యు అని పడుతుంది, అంటే పేరు తెలియదని. 2022 నవంబరులో యుఏఈ కూడా ఒంటిపేరు పాస్‌పోర్టులవారికి విజిట్ వీసాల విషయంలో అడ్డు చెప్పింది. పాస్‌పోర్టు ఇప్పటికే ఉంటే రీఇష్యూకు పెట్టి ఇంటిపేరు చేర్చుకోవచ్చు, తగిన ఆధారాలు కావాలి. ఆ ఆధారాల్లో మనవాళ్లు ముందుగా చూపించేది పదో తరగతి మెమో. కాబట్టి ఈ ఏడాది పదో తరగతి చదివే పిల్లలున్నవాళ్లు, స్కూలువాళ్లు నామినల్ రోల్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్ల పట్టిక, పంపకముందే ఒకసారి వెళ్లి చూసుకోండి. ఇంటిపేరు పొడి అక్షరంగా కాక పూర్తిగా ఉందా? స్పెల్లింగు తండ్రి పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా? నమస్కారం.